అందరికీ రాసిన నాలుగు మంచి మాటలు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో జూనియర్ ఇంజనీరుగా చేరి, అక్కడే మెకానికల్ విభాగానికి పెద్దగా రిటైరయ్యాను. మధ్యలో ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో రాయను. అవి నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ అక్కర్లేని సంగతులు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే. "సార్, నెట్‌వర్క్ ఎట్లా పెంచుకోవల్ల? ఆన్‌లైన్‌లో మీకు అంతమంది ఎట్లయినారు?" ఉద్యోగస్తులంతా ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటులో నాకు వేలమంది పరిచయస్తులున్నారు. కాండ్లా నుంచి కటక్ దాకా ఏ సిమెంటు ఫ్యాక్టరీ పేరు చెప్పినా అందులో నన్నెరిగినవాడు ఒకడుంటాడు. పిల్లలు దాన్ని గొప్పగా చూస్తారు. వాళ్లు అట్లా చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

పెంచుకోవడం చాలా తేలిక. ఎవరేమడిగినా సరే అంటే చాలు. నేను చేసింది అదే. దానివల్ల ఓబులేసు అనే మంచి ఇంజనీరుకు రావాల్సిన ఉద్యోగం రాకుండా పోయింది. ఈ రాతంతా ఆ ఒక్క సంగతి చెప్పడానికే.

సైటు లేని రోజుల్లో

మేం చేరిన కాలంలో నెట్‌వర్క్ అనే మాటే లేదు. బేరింగులు, బెల్టులు అమ్మే కంపెనీల మనుషులుండేవాళ్లు. రంగనాథం అని ఒకాయన ఎర్రగుంట్ల జంక్షన్‌లో రైలు దిగి చేతిసంచితో నేరుగా మా ఆఫీసుకు వచ్చేవాడు. తాడిపత్రి, బనగానపల్లె వైపు ఫ్యాక్టరీలన్నీ ఆయన తిరిగేవే. బేరింగుల సంగతి రెండు ముక్కల్లో అయిపోయేది. తర్వాత మొదలయ్యేవి కబుర్లు. ఏ ఫ్యాక్టరీలో ఎవరు మానేశారు, ఎక్కడ కుర్చీ ఖాళీగా ఉంది, ఏ మేనేజరు కింద పనిచేయడం నరకం, అన్నీ ఆయన సంచిలోనే ఉండేవి.

నా మొదటి పై అధికారి చిన్నపరెడ్డి సార్. మంచిమాట అనడంలో ఆయనంత పిసినారిని నేను చూడలేదు. రంగనాథం టీ తాగుతూ మాలో ఎవరో ఒకరి గురించి, "సార్, ఆ శివయ్య ఎట్లాంటోడు?" అని కూపీ లాగేవాడు. సార్ గ్లాసు కింద పెట్టి, "పనికొస్తాడు" అనేవాడు. అంతే. కొద్దిరోజుల్లో శివయ్యకు వేరే ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చేది.

ఒకసారి రంగనాథం నా గురించి అడిగితే సార్ "ఇంకా కాలా" అన్నాడని తెలిసింది. నాకు ఒళ్లు మండింది. నేరుగా ఆయన గదిలోకి పోయాను.

"ఏం సార్, నేను పనికిరానా?"

"వస్తావు. ఇంగో సంవత్సరం పోనీ. ఇప్పుడే పనికొస్తావని చెప్తే, రేపు నువ్వు ఆడ చేసే తప్పుకు నేను జవాబు చెప్పల్ల."

కుళ్లుబోతుతనం అనుకున్నాను. ఆయన కింద ఎవరూ ఎదగలేరని మిత్రులతో చెప్పుకుని తిరిగాను. నిజం చెప్పాలంటే మనిషిగా ఆయన అంత మంచివాడేం కాదు. పనివాళ్ల ముందే ఇంజనీర్లను తిట్టేవాడు. చెల్లెలి పెళ్లికి కూడా సెలవివ్వడానికి ఏడిపించేవాడు. అవేవీ నేర్చుకోమని చెప్పను. నేర్చుకోవాల్సింది ఒకటుండేది, దాన్నే మేం ఎగతాళి చేసి వదిలేశాం.

ఫోన్‌లో పట్టిన శబ్దం

ఆన్‌లైన్ పరిచయాలన్నీ పనికిమాలినవని నేననను. ముసలివాళ్లు అట్లా అంటే చూడటానికి బాగుంటుంది కానీ నిజం కాదు.

మా విభాగంలో సంధ్య అనే అమ్మాయి నాకు ఆ సైటులో ఖాతా తెరిచి ఇచ్చింది. ఫొటో కావాలంటే ఒక పెళ్లిలో దిగినదాంట్లోంచి నన్ను మాత్రం కత్తిరించి పెట్టింది. "నన్ను కోసి పారేసి నువ్వొక్కడివే పెద్దమనిషివైనావా?" అని మా ఆవిడ చాన్నాళ్లు దెప్పింది.

ఆ రోజుల్లోనే మా క్రషర్ గేర్‌బాక్స్ వింత శబ్దం చేయసాగింది. గేర్లు మార్చాల్సిందేనని కంపెనీవాళ్లు అంటున్నారు. సంధ్య సలహా మీద ఆ శబ్దాన్ని ఫోన్‌లో పట్టి సైటులో పెట్టాను. ఊరూపేరూ తెలియనివాళ్లు తలా ఒకటి చెప్పారు. మూర్తి అనే ఆయన మాత్రం, "ముందు కింద ఫౌండేషన్ బోల్టులు చూడండి. గేర్ల జోలికి తర్వాత వెళ్లొచ్చు" అని రాశారు. చూస్తే బోల్టులే వదులయ్యాయి. బిగించాక శబ్దం ఆగిపోయింది.

మూర్తి గారిది శ్రీకాకుళం వైపు. అప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉండేవారు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. నేనేదైనా రాస్తే ఆయన, ఆయనేదైనా రాస్తే నేను బదులిచ్చేవాళ్లం. ముఖం చూసుకోకపోయినా పని గురించి అంత మనసు విప్పి మాట్లాడిన మనిషి నాకు ఫ్యాక్టరీలో కూడా లేడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పరిచయాల లెక్క పెరిగేకొద్దీ నాకు అదొక మత్తయింది. పొద్దున లేవగానే పేపరు కంటే ముందు ఫోన్ చూసేవాణ్ణి. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు 'గౌరవనీయులైన సార్' అంటే చాలు, ఉబ్బిపోయేవాణ్ణి.

ముఖం మీద కాదనలేక

ఆ సైటులో ఒక ఏర్పాటుంది. మనతో పనిచేసినవాళ్ల పేజీలో వాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయొచ్చు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అవి చదువుతారు.

మా వైపు మనుషులకు ఇది సరిపడని ఏర్పాటు. ఎందుకో చెప్తాను. మా దగ్గర ఇంటికొచ్చి ఒక మాట సాయం అడిగినవాణ్ణి ముఖం మీద కాదనరు. "అట్లే లేప్పా, చెప్తా" అంటారు. చెప్తారో లేదో అడిగినవాడికీ తెలుసు. రెండోసారి వచ్చినా "అట్లే" అంటే, అది 'కాదు' అనడమేనని వాడే అర్థం చేసుకుని ఇంకో దారి చూసుకుంటాడు. ఎవరి పరువూ పోదు. తరతరాలుగా ఇట్లాగే నెట్టుకొచ్చాం. ఆన్‌లైన్‌లో "అట్లే" అంటే కుదరదు. రాసేదాకా ఎదురుగానే కూర్చుంటారు.

ప్రతాప్ అట్లాగే కూర్చున్నాడు. మా ఆవిడకు పెదనాన్న కొడుకు ఉన్నాడు, ఆయన కొడుకు. నా విభాగంలోనే ఇంజనీరు.

"మామా, నా పేజీలో నాలుగు మాటలు రాయి."

"అట్లే లేప్పా, రాస్తా."

"నువ్వు మర్చిపోతావు. ఇప్పుడే రాయి. ఇదో, ఈడ నొక్కు."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "రాయి. మా అన్న కొడుకే కదా. చేతులేమన్నా అరిగిపోతాయా?"

ప్రతాప్ సంగతి నాకు బాగా తెలుసు. పని రానివాడు కాదు. కానీ వాడి చేతిలో ఏదైనా చెడితే ఆ విషయం మనకు వేరేవాళ్లు చెప్తే తెలియాల్సిందే. వాడు నోరు విప్పడు. అది రాయలేను కదా. అందుకని ఇంగ్లీషులో మంచి మాటలు ఏరి రాశాను. కష్టపడే స్వభావం, బాధ్యత, నలుగురిని నడిపించే నేర్పు, ఏ సంస్థకైనా ఆస్తి. వాడు చదువుకుని నా చేయి పట్టుకుని ఊపేశాడు.

ఇంకొకడు వచ్చాడు. అవే మాటలు, పేరు మార్చాను. మరొకడు వచ్చాడు. మళ్లీ అవే. చివరికి ఒక పండగ సెలవు రోజు, ఎవరూ అడగకుండానే, మంచి హుషారులో ఉండి విభాగంలో మిగిలినవాళ్లందరికీ రాసి పడేశాను. అందులో ఓబులేసు కూడా ఉన్నాడు. మరుసటి రోజు వచ్చి, "శానా గొప్పగా రాసినారు సార్" అన్నాడు.

ఓబులేసు మూత తెరిపించిన రోజు

ఓబులేసు గురించి నేను రాయాల్సింది వేరే ఉంది. ఏడాదికోసారి పెద్ద మరమ్మతులకు ఫ్యాక్టరీ ఆపుతాం. ఆ ఏడు అన్నీ ముగించి, సున్నపురాయిని కాల్చే పెద్ద గొట్టం, అంటే కిల్న్, మళ్లీ వెలిగించడానికి సిద్ధమయ్యాం. హెడ్డాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడు ఓబులేసు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సార్, స్పానర్ ఒకటి కనపడటం లే. కిల్న్ గేర్‌బాక్స్ మూత మూయించింది నేనే. లోపల ఉండాదేమో. మళ్లా తెరవల్ల."

"చూసినావా లోపల?"

"మూసేటప్పుడు చూసినా. కానీ స్పానర్ యాడుందో తెలీకుండా తిప్పమని నేను చెప్పలేను సార్."

తెరిస్తే సగం రోజు పోతుంది. ప్రొడక్షన్ మేనేజరు అందరి ముందూ అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఓబులేసు తల దించుకుని విన్నాడు కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. తెరిపించాం. లోపల ఏమీ లేదు. స్పానర్ సాయంత్రానికి పైన పరంజా మీద దొరికింది.

ఆ తర్వాత చాన్నాళ్లు అతణ్ణి 'స్పానర్ ఓబులేసు' అని ఏడిపించారు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు తర్వాత అతను "అంతా బాగుండాది సార్" అంటే నేను ఇంటికెళ్లి నిశ్చింతగా పడుకునేవాణ్ణి. తన తప్పు కావచ్చని తనే వచ్చి చెప్పే మనిషి మా వృత్తిలో దొరకడం ఎంత కష్టమో యంత్రాల దగ్గర పనిచేసినవాళ్లకు తెలుసు. అట్లాంటివాడి పేజీలో నేను ప్రతాప్‌కు రాసిన మాటలే రాశాను.

ఓర్వకల్లు బస్సు

నేను రిటైరయ్యే ఏడాదే మా పాత ప్రొడక్షన్ లైను మూసేయాలని యాజమాన్యం నిర్ణయించింది. చాలామంది ఇళ్లకు పోయారు. ఓబులేసు పేరు కూడా అందులో ఉంది.

అతని భార్య సుజాత కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సు. పిల్లలిద్దరూ తల్లి దగ్గరే. ఓబులేసు ఎర్రగుంట్లలో ఒక గదిలో ఉంటూ వారానికోసారి సెలవు రోజున కర్నూలు పోయివచ్చేవాడు. పెళ్లయినప్పటి నుంచీ వాళ్ల కాపురం బస్సుల్లోనే నడిచింది. సరిగ్గా అప్పుడే కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లు దగ్గర కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో అతనికి తగిన ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందని తెలిసింది. ఆ ఫ్యాక్టరీకి టెక్నికల్ హెడ్డుగా వచ్చింది ఎవరో కాదు, మా మూర్తి గారే. అంతకుముందే మా ప్రతాప్ అక్కడ చేరాడు కూడా. జీతం చాల్లేదని కొన్నాళ్లకే మానేశానని మాతో చెప్పాడు.

ఓబులేసు నన్ను ఏమీ అడగలేదు. నేనే పిలిచి చెప్పాను.

"సార్, అది వస్తే పిల్లోళ్లతో ఒకే ఇంట్లో ఉంటా" అన్నాడు. "సుజాతకు నైట్ డ్యూటీ ఉన్నెప్పుడు పిల్లోళ్లు పక్కింట్లో పండుకుంటాండారు. సిన్నది ఏడుస్తాదంట."

"మూర్తి గారు మనోడేప్పా. నువ్వు సామాన్లు సర్దుకో" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

మూర్తి గారికి రాశాను. దండం పెట్టిన బొమ్మ ఒకటి వచ్చింది. మళ్లీ రాశాను. "చూద్దాం సార్" అని వచ్చింది. జీవితమంతా "అట్లే లేప్పా" అంటూ బతికినవాణ్ణి, ఆ మాటకు అర్థం నాకు తెలియాలి. తెలిసీ నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, చాన్నాళ్లుగా ఆయన నా రాతలకు బదులివ్వడం మానేశారని. వేలమందిలో ఒకరు తగ్గితే నేను గమనించనే లేదు.

కర్నూలు దాకా పోయి, అక్కడ ఓర్వకల్లు బస్సెక్కి, నేరుగా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాను. మూర్తి గారు లేచి ఎదురొచ్చారు, మంచినీళ్లిచ్చారు, టీ తెప్పించారు. అదే మేం మొదటిసారి ముఖాలు చూసుకోవడం. ఓబులేసు సంగతి ఎత్తాను.

"సార్, ముందు ఒకటి చెప్పాలి. మీరు పంపిన ప్రతాప్..."

"నేను పంపలేదండీ."

"మీరు రాసింది చదివి తీసుకున్నాను. అది పంపడం కాదంటారా?"

ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. సిమెంటు పొడి చేసే కొత్త మిల్లులో బేరింగు వేడెక్కుతోందని అలారం మోగుతుంటే ప్రతాప్ ఆ అలారం తీగ పీకేసి, ఎవరికీ చెప్పలేదట. బేరింగు కాలిపోయింది. కొత్త మిల్లు, వారాల తరబడి ఆగిపోయింది. ఇట్లాంటివాణ్ణి ఎవరు తెచ్చారని డైరెక్టర్లు మూర్తి గారిని నిలదీశారట. ఆయన నా పేరు చెప్పాల్సి వచ్చింది.

కంప్యూటరు నా వైపు తిప్పారు. ఒక పక్క ప్రతాప్ పేజీ, ఇంకో పక్క ఓబులేసు పేజీ.

"పేరు కాకుండా ఇంకెక్కడ తేడా ఉందో మీరే చూపించండి సార్."

తేడా లేదు. నేను రాసిన అక్షరాలే నన్ను చూస్తున్నాయి. అప్పుడు స్పానర్ సంగతి మొదలుపెట్టాను. గబగబా, తడబడుతూ చెప్పాను. ఆయన టీ పక్కన పెట్టి మొత్తం విన్నారు.

"చివరికి స్పానర్ లోపల లేదా?"

"లేదండీ."

ఆయన నవ్వారు. నన్ను వెక్కిరించే నవ్వు కాదు. "నాకు కావాల్సింది ఇలాంటి మనిషే. ఇదే మీరు ఆ పేజీలో రాసి ఉంటే నేనే ఫోన్ చేసి పిలిచేవాణ్ణి. ఇప్పుడు చెప్తున్నారు. నేను నమ్ముతున్నాను. కానీ మీ పేరుతో ఇంకో మనిషిని డైరెక్టర్ల ముందు పెట్టలేను సార్."

"నా పేరు లేకుండానే పెట్టండి."

"ఆయన పేజీ తెరిస్తే అన్నిటికంటే ముందు కనపడేది మీ పేరే కదా."

గేటు దాకా వచ్చి సాగనంపారు. నా మీద కోపం చూపించినా బాగుండేది. బస్సులో కూర్చుని ఓబులేసుకు ఏమని చెప్పాలా అని కర్నూలు వచ్చేదాకా ఆలోచించాను. అబద్ధమొకటి చెప్దామని కూడా అనిపించింది. చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"పోనీలెండి సార్. నా కోసం అంత దూరం పోయినారు, అదే పదివేలు" అన్నాడు. ఒక్క మాట తిట్టలేదు. కొన్నాళ్లకు రాజస్థాన్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. ఎర్రగుంట్ల నుంచైతే వారానికోసారైనా పిల్లల దగ్గరికి పోయేవాడు. అక్కణ్ణుంచి ఏడాదికి ఎన్నిసార్లు రాగలడు?

తుడిచేసిన మాటలు

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఆన్‌లైన్‌లో పని గురించి అడగండి, తెలిసింది చెప్పండి, సిగ్గుపడకండి. మనిషి గురించి రాసేటప్పుడు మాత్రం, అతనితో ఒక మరమ్మతు అయినా కలిసి చేయకుండా రాయకండి. రాస్తే ఏం చేశాడో అది రాయండి. ఎదురుగా కూర్చున్నవాడు నొచ్చుకుంటాడని రాస్తే, ఎదురుగా లేనివాడు ఎవడో దానికి నష్టపోతాడు.

ఇంత తెలిసీ పాత రాతలు తీసేయలేకపోతున్నాను. చాలాసార్లు కూర్చున్నాను. ఒక్కో పేరు చూడగానే ఆ మనిషి ముఖం గుర్తొస్తుంది, రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే ఏమంటాడో అనిపిస్తుంది. వేలు అక్కడే ఆగిపోతుంది.

ఈ ఎండాకాలం ఓబులేసు సెలవుకు వచ్చినప్పుడు, రిటైరయ్యాక మేముంటున్న కడప ఇంటికి వచ్చాడు. మనిషి చిక్కాడు, మాటలో హిందీ ముక్కలు చేరాయి. మా ఆవిడ మామిడిపండ్లు కోసి పెట్టింది. కాసేపు ఫ్యాక్టరీ కబుర్లయ్యాక, ఉండబట్టలేక ఫోన్ తీసి అతని పేజీ తెరిచాను. నేను రాసిన మాటలు అక్కడ లేవు.

అతను చూశాడు. "సెడ్డగా అనుకోవద్దు సార్. తీసేసినా. తీసేసినాకనే ఆ రాజస్థాన్ ఉద్యోగమొచ్చింది."

"మంచిపని చేసినావు. ఇప్పుడు సరిగ్గా రాస్తా. మూత తెరిపించినావే, ఆ సంగతంతా ఉన్నదున్నట్టు రాస్తా. కర్నూలు వైపు మళ్లా ఏదన్నా పడితే పనికొస్తాది."

"వద్దు సార్."

"ఇప్పుడే రాస్తాను, చూడు..."

"వద్దు సార్. మీరు రాయొద్దు." నా చేతిలోని ఫోన్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "మీకు తెలుసు, నాకు తెలుసు. సాలు."

సుజాత నైట్ డ్యూటీకి పోయేలోపు కర్నూలు చేరి పిల్లల దగ్గర ఉండాలని లేచాడు. వాకిలి దాకా వెళ్లాను. నా ఉద్యోగ జీవితంలో నన్ను రాయమని అడిగినవాళ్లు ఎందరో. వద్దన్నవాడు అతనొక్కడే, రాయదగినవాడూ అతనొక్కడే. ఓర్వకల్లులో ఆ కుర్చీకి ఓబులేసే సరైనవాడని నేను ఇప్పటికీ అంటాను. నేనంటే ఎవరూ నమ్మరు.